ఎర్రదారం కుట్టిన పరుపు

మా ఇంట్లో పని చెయ్యకుండా కూర్చుని, పని చేసేవాళ్ళందర్నీ కళ్ళు చికిలించి చూసేది ఒక్క పిల్లే. అందుకే మా అత్త దానికి మేస్త్రి అని పేరు పెట్టింది. ఆడపిల్లికి ఆ పేరేమిటని అమ్మ అంటే, "కూర్చుని చూసేవాళ్ళకి ఆడా మగా ఏమిటే?" అంది అత్త.

మాది పరుపులు కుట్టే ఇల్లు. వీధివైపు గదిలో దూది, వెనక గదిలో మేము. మధ్యలో గోడ ఉన్నా దూదికి ఆ సంగతి పట్టదు. తినే కంచంలో దూది, తల దువ్వుకుంటే దూది, లెక్కల పుస్తకం తెరిస్తే కాగితాల మధ్య దూది. దూది ఉన్నచోట ఎలుకలు చేరతాయి కాబట్టి పిల్లిని పెంచడం మాకు ముచ్చట కాదు, అవసరం. మేస్త్రి వచ్చిన ఏడాదికల్లా ఆ తేడా మాకే తెలియకుండా పోయింది. నాన్న పరుపుని కర్రతో తట్టి చదును చేసి పక్కకి తప్పుకోగానే అది దాని మీదికెక్కేది. ఈ మూల నుంచి ఆ మూలకి నింపాదిగా నడిచేది. ఎక్కడైనా ఉండ కట్టినట్టుంటే అక్కడ ఆగి ముందుకాళ్ళతో పిసికేది. నాన్న నవ్వుకుంటూనే ఆ చోట మళ్ళీ కర్రతో తట్టేవాడు. ఎక్కడా ఆగకుండా నడిచి, మధ్యలో చుట్టచుట్టుకు పడుకుందంటే ఆ పరుపు గట్టెక్కినట్టే.

దూది ఏకే తాత వచ్చిన రోజు మాత్రం దాని పెత్తనం సాగేది కాదు. ఆయన విల్లు మోగడం ఆలస్యం, ఒక్క గెంతులో అటక మీద ఉండేది. సాయంత్రం ఆయన వెళ్ళిపోయాక దిగొచ్చి, ఏమీ జరగనట్టు భుజం నాక్కుంటూ కూర్చునేది. "అబ్బో, సెలవు పెట్టి వచ్చారా తమరు?" అని అత్త దెప్పేది. చలిరాత్రుల్లో నా మోకాళ్ళ వెనక పడుకునేది. నేను పక్కకి తిరగాలంటే దాన్ని అడిగి తిరగాలి.

నాకు పదకొండేళ్ళప్పుడు, వానాకాలం మొదట్లో, మాకు ఆసుపత్రి పని వచ్చింది. ముప్ఫై పరుపులు. నచ్చితే ఇంకో విడత ఇస్తామన్నారు. అంత పెద్ద పని మా గడపలోకి రావడం అదే మొదలు. ఆసుపత్రి స్టోరు గుమాస్తా స్వయంగా వచ్చి, దూది గుప్పెడు తీసి వెలుగులో పెట్టి చూశాడు.

"ఇంతకుముందు కుట్టినాయన పైన దూది పెట్టి లోపల చింకిగుడ్డలు కూరాడండీ. అందుకే చెబుతున్నా. ఒక్క పరుపులో తేడా కనబడినా మొత్తం ముప్ఫై వెనక్కొస్తాయి. మళ్ళీ మీ మొహం చూడను."

"మీరు విప్పి చూసుకోవచ్చండీ," అన్నాడు నాన్న.

ఆయన వెళ్ళాక అత్త నేల వైపు చూసి, "మొహం చూడకపోతే మానె, బురదకాళ్ళతో నా దూది తొక్కకుండా ఉంటే చాలు," అంది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పరుపులో దూది నింపి, చదును చేసి, దబ్బనంతో అక్కడక్కడ కుట్లు వేసేశాక, ఒక చివర మూరెడు మూతి వదిలిపెడతారు. అందులోంచి మూలలు సరిచూసి చివరికి ఆ మూతి కుడతారు. మూతి ఎవరు కుడితే వాళ్ళు తమ రంగు దారంతో ముడి వెయ్యాలి. అమ్మది తెలుపు, అత్తది నీలం. ఎవరి కుట్టు ఊడితే తిట్లు వాళ్ళకే చేరాలి గాని ఇంటిల్లిపాదీ పంచుకోవడం దేనికి అనేది అత్త. ఆ ఏడే నాకు ఎర్రదారం ఉండ ఇచ్చారు. దాన్ని నేను బడికి కూడా జేబులో వేసుకుని పోయేదాన్ని.

రెండో పద్ధతి మొదటిదానికంటే గట్టిది. మూతి కుట్టేముందు భుజం దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, అందినంత మేరా తడమాలి. గింజలుంటాయి, పుల్లలుంటాయి, ఒక్కోసారి విరిగిన సూది ఉంటుంది. అందుకే నాన్న ఎప్పుడూ "చూశావా?" అని అడిగేవాడు కాదు. "చెయ్యి పెట్టావా?" అని అడిగేవాడు.

ఆ హడావిడిలోనే మేస్త్రి మూలనున్న పాత దూదిబస్తాలో మూడు పిల్లల్ని పెట్టింది. నల్లదానికి బొగ్గు అని, అడ్డం నిలువు చారలదానికి గళ్ళచొక్కా అని పేర్లు కుదిరాయి. మూడోది తెలుపు. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. పుట్టినప్పుడు అత్త అరచేతిలో పెట్టుకుని, "ఇదేమిటే, పిడికెడు కూడా లేదు," అంది. అదే దాని పేరయింది. పిడికెడు కళ్ళు మూసుకుని దూదిలో పడుకుంటే దాన్ని వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఆవలిస్తే గులాబీరంగు నోరు కనబడి, ఓహో ఇక్కడుందా అనుకునేవాళ్ళం.

నెల తిరిగేసరికి మూడూ బస్తా దిగి తిరగడం మొదలుపెట్టాయి. "ఇవి పరుగు నేర్చేలోపు ఈ పని అయిపోతే బాగుండు. చూసి అడుగెయ్యండి తల్లీ," అంటూ అమ్మ కనబడినవాళ్ళకల్లా చెప్పేది.

చివరి రోజు మధ్యాహ్నం వ్యాను వచ్చేసింది. ఆకాశం నల్లగా ముసురుకుని ఉంది. ఇరవై తొమ్మిది పరుపులు గోడవారన పేర్చి ఉన్నాయి. ముప్ఫయ్యోది నా ముందు నేల మీద మూతి తెరుచుకుని ఉంది. డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.

"ఏమే, ఎక్కడున్నావ్? ఈ పట్టా ఇంకో కొస పట్టుకో, చినుకులు పడుతున్నాయి!" అని అత్త వీధిలోంచి కేకేసింది.

సూది పరుపుకి గుచ్చి లేచాను. వ్యాను మీద పట్టా పరిచి, తాడు లాగి, తడిచేతులు గౌనుకి తుడుచుకుంటూ వచ్చాను. ఎంతసేపో కాదు. మళ్ళీ కూర్చుని మూతి కుట్టేశాను. ముడి వేస్తుంటే మేస్త్రి వచ్చి పరుపు మీదికెక్కింది. ఆ మూల నుంచి నడుచుకుంటూ వచ్చి, మూతి దగ్గర ఆగి, ముందుకాళ్ళతో పిసకడం మొదలుపెట్టింది.

"టైము లేదే మేస్త్రీ, లే లే," అని దాన్ని పక్కకి నెట్టాను.

నాన్న గుమ్మంలోంచి అడిగాడు. "అయిందా అమ్మలూ?"

"అయింది."

"చెయ్యి పెట్టావా?"

"ఆఁ," అన్నాను.

నాన్నా డ్రైవరూ ఆ పరుపు చెరో వైపు పట్టుకుని ఎత్తారు. వ్యాను వీధి మలుపు తిరిగాక వాన కుండపోతగా పట్టుకుంది. అత్త గుమ్మంలో కూలబడి, "నా నడుం ఎవరైనా దొరికితే తెచ్చిపెట్టండి," అంది. అందరం నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను.

సాయంత్రం మేస్త్రి బస్తా దగ్గర అరవడం మొదలుపెట్టింది. ఆకలి అరుపు కాదది. పిల్లల్ని పాలకి పిలిచేటప్పుడు గొంతులో గుర్రుమన్నట్టు ఒక పిలుపు ఉండేది దానికి. అదే పిలుపు, కాస్త ఆగి మళ్ళీ, కాస్త ఆగి మళ్ళీ. బొగ్గు వచ్చింది. గళ్ళచొక్కా వచ్చింది.

"తెల్లదెక్కడే?" అంది అమ్మ.

"ఎక్కడికి పోతుందిలే. దూదిలో దూదయి ఉంటుంది," అంది అత్త.

నా అరికాళ్ళు చల్లబడ్డాయి. ఎందుకో ఇంకా తెలియలేదు. చేతిలోని గ్లాసు కింద పెట్టాను. అప్పుడు తెలిసింది.

గది ఖాళీగా ఉంది కాబట్టి వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. దూదికుప్ప తిరగేశాం. బస్తాలు దులిపాం. కర్రల వెనక, అటక మీద, కుట్టుమిషను కింద చూశాం. నేను అందరికంటే గట్టిగా వెతికాను. దొరకదని తెలిసినవాళ్ళు వెతికినట్టు వెతికాను. మేస్త్రి మాతో తిరగలేదు. మధ్యాహ్నం ముప్ఫయ్యో పరుపు పరిచిన చోటికి వెళ్ళి, ఆ ఖాళీ నేల వాసన చూసి, అక్కడే కూర్చుని పిలిచింది.

"వ్యాను చప్పుడుకి బెదిరి వీధిలోకి ఉరికిందేమో. పొద్దున్నే చూద్దాం," అన్నాడు నాన్న.

ఆ రాత్రి నా పరుపు మీద పడుకోలేకపోయాను. దుప్పటి నేల మీద పరుచుకున్నాను. ఏమిటే అని అమ్మ అడిగితే ఉక్కగా ఉందన్నాను. బయట వాన కురుస్తోంది.

మర్నాడు బడి నుంచి వచ్చే దారిలో ఒకటే ఆలోచన. దూదిలోంచి గాలి ఆడుతుందా? ఇంటికొచ్చాక ఎవరూ లేనప్పుడు దిండు తీసి మొహానికి అదుముకుని లెక్కపెట్టాను. ఇరవై దాకా బాగానే ఉంది. ముప్ఫై దాటాక చెవుల్లో చప్పుడు మొదలైంది. నలభై మూడుకి దిండు విసిరేసి నోరు తెరుచుకుని కూర్చున్నాను. అది అక్కడ ఎన్ని లెక్కపెట్టి ఉంటుంది? ఆ పరుపు మీద ఎవరు పడుకున్నారు? లావుపాటి మనిషి అయితే? అటూ ఇటూ దొర్లే మనిషి అయితే?

చెప్పేస్తే అయిపోతుంది. చెబితే ముప్ఫై పరుపులూ వెనక్కొస్తాయి. వాటికంటే ముందు నాన్న నా మొహం చూస్తాడు. నాన్న నన్ను ఎప్పుడూ కొట్టలేదు. "చెయ్యి పెట్టావా" అని అడిగి, నేను చెప్పిన మాట నమ్మి పరుపు ఎత్తుకున్నాడు.

మేస్త్రి తిండి ముట్టలేదు. అప్పటిదాకా నేల మీద కూర్చున్నది లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. అమ్మ ముందు కాదు, అత్త ముందు కాదు. అరవడం కూడా మానేసింది. ఊరికే చూస్తోంది.

"నీతో ఏదో లెక్క ఉన్నట్టుందే దానికి," అంది అత్త నవ్వుతూ.

నాన్న పరుపు గుడ్డ కత్తిరిస్తున్నాడు. తల ఎత్తకుండానే, "అమ్మలూ, ఈ దబ్బనానికి దారం ఎక్కించు," అన్నాడు.

దారం కొస నోట్లో తడిపాను. ఎక్కలేదు. మళ్ళీ తడిపాను. దబ్బనం బెజ్జం పురికొస పట్టేంత ఉంటుంది. చీకట్లో కూడా ఎక్కించేదాన్ని. నాన్న కత్తెర ఆపి నా చేతుల వైపు చూశాడు.

"చివరిదానికి నేను చెయ్యి పెట్టలేదు నాన్నా."

అత్త నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. నాన్న మేస్త్రి వైపు చూశాడు, తర్వాత వాకిలి వైపు. కత్తెర తుడిచి జేబులో పెట్టుకున్నాడు. నా చేతిలోని దబ్బనం తీసుకుని, ఒక్కసారికే దారం ఎక్కించి, నా ఎర్రదారం ఉండ కూడా తీసి నాకిచ్చాడు.

"నడు," అన్నాడు.

అమ్మ గుమ్మం దాకా వచ్చింది. "ఏమండీ, ఆ గుమాస్తా..."

"విన్నావా అది ఎలా అరిచిందో నిన్నట్నుంచీ?" అన్నాడు నాన్న. గొడుగు తీసుకుని దిగిపోయాడు.

దారంతా గొడుగు నా వైపే వంచి పట్టుకున్నాడు. ఆయన ఎడమ భుజం తడిసి చొక్కా అంటుకుపోయింది. నన్ను తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు.

ముందు ఆడవాళ్ళ వార్డుకి వెళ్ళాం. పది మంచాలు, అన్నింటి మీదా మా పరుపులే. దుప్పటి కింద మా గుడ్డ చారలు చూసి గుర్తుపట్టాను. నాన్న నర్సుతో గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆమె ముందు విసుక్కుంది. తర్వాత నా మొహం చూసి, "తొందరగా కానివ్వండి. స్టోరు ఆయన కంటపడితే నన్ను కూడా కలిపి దులుపుతాడు," అంది.

మంచం మంచానికీ వంగి, దుప్పటి అంచు ఎత్తి ముడి చూసుకుంటూ వెళ్ళాను. తెలుపు. తెలుపు. నీలం. ఎరుపు, కానీ అది నేను వారం కింద కుట్టింది, రెండు ముడులున్నాయి. చివరిదానికి తొందరలో ఒకే ముడి వేశాను. నీలం. తెలుపు.

కిటికీ దగ్గర మంచం మీద ఒక ముసలావిడ ఉంది. మంచమంతా వదిలేసి ఇటు అంచున, చెక్కపేడులా ఒత్తిగిలి పడుకుని ఉంది. ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది.

"రాత్రంతా ఇదే గోల," అంది నర్సు. "పడిపోతావమ్మా, లోపలికి జరుగు అంటే వినదు. మూడుసార్లు జరిపాం. మళ్ళీ అంచుకే వస్తుంది."

"జరిగితే నలిగిపోదూ?" అంది ముసలావిడ.

"మందుల మత్తు. పరుపు ఏడుస్తోందంటుంది."

వంగి చూశాను. ఎర్రదారం. ఒకే ముడి.

"ఏడుస్తోందా అవ్వా?" అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది. "ఏడ్చిందమ్మా. రాత్రల్లా ఏడ్చింది. పొద్దున్నుంచీ ఏడవట్లేదు."

నాన్న కత్తెర తీసి నా చేతిలో పెట్టాడు. "నువ్వే కుట్టావుగా. విప్పు."

నర్సూ నాన్నా కలిసి ఆవిడని దుప్పటితో సహా పక్క స్టూలు మీదికి దించారు. దారం తెంపాను. మూతి తెరిచాను. భుజం దాకా చెయ్యి పోనిచ్చాను. దూది. ఇంకా దూది. లోపల వెచ్చగానే ఉంది. పైన మనిషి పడుకుంటే దూది వెచ్చగానే ఉంటుంది కదా, దాంతో ఏమీ తేలదు. మూలకి పోనిచ్చాను. చెంప పరుపుకి ఆనించి, కళ్ళు మూసుకుని, ఇంకా లోపలికి. వేళ్ళకి ఏదో మెత్తగా తగిలింది. దూది కాదు. కదల్లేదు. చెయ్యి వెనక్కి లాగేసుకోవాలనిపించింది. లాగలేదు. మెల్లగా దాని చుట్టూ వేళ్ళు మూశాను.

చూపుడువేలు మీద సూదిమొనంత గోరు గీసుకుంది.

బయటికి తీసేసరికి అది తడిసిన దూదివత్తిలా ఉంది. కళ్ళకి పుసులు కట్టాయి. నోరు తెరిచింది కానీ చప్పుడు రాలేదు. ఆ గులాబీరంగు నోరు చూసి నేను బావురుమన్నాను. నర్సు పరుగెత్తి గిన్నెలో గోరువెచ్చని నీళ్ళలో చక్కెర కలిపి తెచ్చింది. నాన్న పరుపులోంచే చిటికెడు దూది లాగి, వత్తి చేసి, ముంచి దాని నోటికి అందించాడు. కాసేపటికి నాలిక కదిలింది.

"ఏం జరుగుతోందిక్కడ?" అన్న మాట వినబడింది. స్టోరు గుమాస్తా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. విప్పిన పరుపు చూశాడు, కత్తెర చూశాడు, పిల్లిపిల్లని చూశాడు. "ఇదేనా మీ పని?"

"ఇదేనండీ," అన్నాడు నాన్న లేవకుండానే. "తప్పు కుడితే వచ్చి విప్పుతాం."

ఆయన ఏదో అనబోయి, స్టూలు మీద ముసలావిడ వైపు చూసి మానుకుని వెళ్ళిపోయాడు. పరుపులు వెనక్కి రాలేదు. రెండో విడత పని కూడా మాకు రాలేదు.

నేను మళ్ళీ చెయ్యి పెట్టి తడిమి, మూతి కుట్టి, రెండు ముడులు వేశాను. ముసలావిడని పరుపు మీద పడుకోబెడితే, పిడికెడుని ఒకసారి వేలితో తాకి, మంచం మధ్యకి జరిగి, కాళ్ళు బారచాపుకుని, మేం గుమ్మం దాటకముందే గుర్రు పెట్టింది.

పిడికెడుని గౌను లోపల పొట్టకి ఆనించుకుని ఇల్లు చేరాను. వాకిట్లో అమ్మ నిలబడి ఉంది.

"దొరికిందా? అయ్యో తల్లీ..." అని తీసుకోబోయి ఆగింది. "మీరటు వెళ్ళారో లేదో, మేస్త్రి మిగతా రెండింటినీ ఒక్కోదాన్నే నోట కరుచుకుని వెనక గోడ దాటించేసింది. వానలో. ఎంత పిలిచినా తిరిగి చూడలేదు."

బస్తాలో మేస్త్రి ఒంటి గుంట అలాగే ఉంది. అందులో పిడికెడుని పెట్టాం. వెనక తలుపు తెరిచి కూర్చున్నాం.

"మనిషి చెయ్యి తగిలిన పిల్లని తల్లి దగ్గరికి రానివ్వదంటారు," అంది అత్త నెమ్మదిగా. మళ్ళీ నా వైపు చూసి, "నాకేం తెలుసులే, నేనేమన్నా పిల్లినా," అంది.

జల్లు లోపలికి కొడుతోంది. గుమ్మం దగ్గరి దూది తడుస్తోంది. మా ఇంట్లో దూది తడవడమంటే ఇల్లు అంటుకున్నంత. తలుపు వెయ్యడానికి లేచాను.

"వెయ్యకు," అన్నాడు నాన్న.

దీపాలు పెట్టే వేళకి మేస్త్రి వచ్చింది. గోడ మీద ముందు చెవులు కనబడ్డాయి, తర్వాత మొహం. ఒళ్ళంతా తడిసి సగమైపోయి ఉంది. మా ఎవరి వైపూ చూడకుండా బస్తా దగ్గరికి నడిచింది. పిడికెడుని వాసన చూసింది. చాలాసేపు చూసింది. మందుల వాసన ఉండి ఉంటుంది దాని మీద, నా చేతుల వాసన ఉండి ఉంటుంది. నేను ఊపిరి బిగబట్టి మనసులో లెక్కపెట్టుకుంటున్నాను. ముప్ఫై దాటాక దాని తల నాకింది. మొహం నాకింది. పుసులు పోయేదాకా కళ్ళు నాకింది. అప్పుడు మెడ దగ్గర నోట కరుచుకుని లేచింది.

నా పక్కనుంచే వెళ్ళింది. చెయ్యి చాస్తే అందేది. చాచలేదు. గోడెక్కి, ఒక్క క్షణం ఆగి, అటు దూకేసింది.

"వస్తుందిలే," అంది అమ్మ.

రాలేదు. గోడ మీద పెట్టిన గిన్నె కొన్నాళ్ళు ఖాళీ అయ్యేది. అది తింటోందో కాకులు తింటున్నాయో తెలియదు. వానలు వెనకపట్టేసరికి గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉండడం మొదలైంది. చుట్టుపక్కల ఇళ్ళన్నీ అడిగాను. తెల్లపిల్లిని చూశామని ఒకరు, కాదు కుక్కపిల్లేమో అని ఒకరు. అటక మీద ఎలుకలు తిరిగాయి. అత్త ఇంకో పిల్లిని తెద్దామంది. నాన్న తల అడ్డంగా ఊపాడు. పరుపు చదును చేశాక ఎప్పటిలాగే పక్కకి తప్పుకుని కాసేపు నిలబడేవాడు. ఎవరూ వచ్చి నడిచేవారు కారు. అప్పుడు మూతి దగ్గర కూర్చునేవాడు.

నన్నెవరూ తిట్టలేదు. ఆ పని మళ్ళీ చెయ్యమనీ అనలేదు. చలి మొదలయ్యాక ఒక పొద్దున నాన్న పరుపు నా ముందు పరిచి, ఎర్రదారం ఉండ దాని మీద పెట్టి, వెళ్ళి గుడ్డ కత్తిరించుకుంటూ కూర్చున్నాడు.

తెరిచి ఉన్న ఆ మూతి ముందు కూర్చున్నాను. చాలాసేపటికి చెయ్యి ముందుకు చాచాను. మణికట్టు దాకా, మోచేతి దాకా, భుజం దాకా. చెంప గుడ్డకి ఆనించి కళ్ళు మూసుకున్నాను. ఒక్కో మూలా తడిమాను.

అంతకుముందు ఎప్పుడు చెయ్యి పెట్టినా ఏదీ తగలకూడదనే అనుకునేదాన్ని. ఆ రోజు ఏదైనా వెచ్చగా తగిలితే బాగుండుననుకున్నాను.

"చెయ్యి పెట్టావా అమ్మలూ?" అన్నాడు నాన్న అవతలినుంచి.

"ఇంకా తియ్యలేదు నాన్నా," అన్నాను.